సమాధానం: గోల్డెన్ వాటిల్ గింజలు మొలవడం లేదు

మెల్‌బోర్న్‌లో మీరు కుండీలో వేసిన పది గోల్డెన్ వాటిల్ (మన తుమ్మ జాతికి దగ్గరైన, పసుపు పూల ఆస్ట్రేలియా చెట్టు) గింజల్లో ఆరు వారాలైనా ఒక్కటీ మొలవలేదని రాశారు. టెన్షన్ పడకండి, గింజలు పాడైపోయి ఉండకపోవచ్చు. వాటి తొక్క చాలా గట్టిది, నీళ్లు లోపలికి పోవు. అడవిలో అయితే కార్చిచ్చు వేడికి ఆ తొక్క బీటలిస్తుంది. ఆ పని ఇంట్లో మనం చేయాలి.

గింజల్ని మట్టిలోంచి ఏరి గ్లాసులో వేయండి. నీళ్లు బాగా మరిగించి, స్టవ్ ఆపి, వాటి మీద పోయండి. పొయ్యి మీద మాత్రం ఉడికించకండి. రాత్రంతా అలాగే వదిలేయండి. పొద్దున చూస్తే కొన్ని రెండింతలు ఉబ్బి, మెత్తబడి ఉంటాయి. అవి వెంటనే నాటేయండి. ఉబ్బని వాటికి మళ్లీ వేడినీళ్లే. నాకు రెండోసారికి ఉబ్బినవే ఎక్కువ.

అర సెంటీమీటరు లోతు చాలు. నీళ్లు నిలవని ఇసుక మట్టి కావాలి. రెండు మూడు వారాల్లో మొలకలొస్తాయి.

ఇంకో మాట. మొదటి ఆకులు మన తుమ్మాకులా సన్నగా, ఈకల్లా ఉంటాయి. తర్వాత ఆకు కాడే వెడల్పై కొడవలిలా వంగుతుంది. వేరే మొక్క వచ్చిందనుకుని పీకేయకండి, దయచేసి! ఆ మార్పు జరుగుతున్నప్పుడు ఒకే కొమ్మకు రెండు రకాలూ కనిపిస్తాయి, చూసి తీరాలి.

ఎరువు వేయకండి. వేళ్లలోని బాక్టీరియా నత్రజనిని అందిస్తుంది. ఫాస్ఫరస్ ఎక్కువైతే మొక్కకే చేటు. వేరు కుండీలో చుట్టుకోకముందే, చిన్నగా ఉన్నప్పుడే నేలలోకి మార్చండి.