హెచ్-1బి స్టేటస్ వచ్చాక స్టాంపింగ్: పాత విద్యార్థి రికార్డు అడ్డొస్తుందా?

ప్రశ్న: నేను 2019లో ఎఫ్-1 (విద్యార్థి) వీసాతో అమెరికా వచ్చి ఎం.ఎస్. పూర్తి చేశాను. చదువు తర్వాత పనిచేసుకునే అనుమతి ఓపీటీ, సైన్స్, టెక్నాలజీ కోర్సులవారికి దానికిచ్చే పొడిగింపు స్టెమ్ ఓపీటీ కలిపి మూడేళ్లు గడిచినా హెచ్-1బి (నిపుణుల ఉద్యోగ వీసా) లాటరీలో పేరు రాలేదు. ఆ తర్వాత రెండో మాస్టర్స్‌లో చేరి, మొదటి రోజు నుంచే సీపీటీ (చదువుతూనే కోర్సులో భాగంగా పనిచేసే అనుమతి) మీద ఉద్యోగం చేశాను. 2025 లాటరీలో ఎంపికై, అక్టోబరు 1 నుంచి ఛేంజ్ ఆఫ్ స్టేటస్ (దేశం దాటకుండానే స్టేటస్ మార్పు) ద్వారా హెచ్-1బిలోకి మారాను. పాస్‌పోర్టులో ఉన్న ఎఫ్-1 వీసా గడువు ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు చెల్లెలి పెళ్లికి హైదరాబాదు రావాలి. ఓపీటీ కాలంలో ఒక కన్సల్టెన్సీ కొన్ని నెలలు ప్రాజెక్టు ఏదీ లేకుండానే నేను పనిచేస్తున్నట్టు చూపింది. కాన్సులేటులో పాస్‌పోర్టు మీద వీసా వేయించుకునే స్టాంపింగ్‌లో ఇవన్నీ తవ్వుతారని, పైగా లక్ష డాలర్లు కట్టాల్సి వస్తుందని స్నేహితులు భయపెడుతున్నారు. నేను రావచ్చా? ఒక విశ్వవిద్యాలయం గత నవంబరులో దాఖలు చేసిన నా మిత్రుడి హెచ్-1బి పిటిషన్ ఇంకా పెండింగ్‌లోనే ఉంది. అతను కూడా నాతో రావచ్చా?

జవాబు: మీ భయాల్లో లక్ష డాలర్లది మొదట తీసేయవచ్చు. హెచ్-1బి పిటిషన్ల మీద ఆ చెల్లింపు విధిస్తూ 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు జారీ చేసిన ప్రకటన, ఆ నెల 21 నుంచి దాఖలైన కొత్త పిటిషన్లకు ఉద్దేశించినది. మీ పిటిషన్ అంతకుముందే దాఖలై, ఆమోదం పొంది, అక్టోబరు 1 నాటికి అమలులోకి కూడా వచ్చింది కాబట్టి, ఆ మొత్తం మీ యజమానికి గాని మీకు గాని వర్తించదు. దీని గురించి ఎవరెంత చెప్పినా మీరు కలత చెందనక్కరలేదు.

అలాగే, అమెరికాలో ఉన్నంతకాలం మీకు స్టాంపింగ్‌తో పనే లేదు. మీ ఐ-797 ఆమోద పత్రం అడుగున ఉన్న ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో తెలిపే పత్రం)లోని తేదీ వరకు మీ నివాసమూ ఉద్యోగమూ చట్టబద్ధమే. వీసా అవసరమయ్యేది దేశం దాటి తిరిగి లోపలికి వచ్చేటప్పుడు మాత్రమే. కెనడాకో మెక్సికోకో 30 రోజులకు మించకుండా వెళ్లి, అక్కడ కొత్త వీసాకు దరఖాస్తు చేయకుండా తిరిగి వచ్చేవారికి, చెల్లుబాటులో ఉన్న ఐ-94తో పాటు గడువు తీరిన పాత వీసానే సరిపోయే వెసులుబాటు ఉంది. స్టేటస్ మార్చుకున్నవారికి కూడా అది వర్తిస్తుంది. అయితే భారతదేశ ప్రయాణానికి ఆ దారి పనికిరాదు కనుక, మీరు కాన్సులర్ అధికారి ముందు నిలబడక తప్పదు.

ఆ అధికారి ఏం చూస్తారన్నదే మీ ప్రశ్నకు కీలకం. మీ పిటిషన్‌ను, స్టేటస్ మార్పును ఆమోదించినది హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకు చెందిన పౌరసత్వ, వలస సేవల సంస్థ యుఎస్‌సిఐఎస్. వీసా ఇచ్చేది విదేశాంగ శాఖ. ఆమోదం పొందిన పిటిషన్‌ను కాన్సులర్ అధికారి మళ్లీ మొదటి నుంచి విచారించరాదని ఆ శాఖ మార్గదర్శకాలే చెబుతున్నాయి. యుఎస్‌సిఐఎస్‌కు తెలియని కొత్త సమాచారం ఏదైనా బయటపడితే మాత్రం, ఆయన పిటిషన్‌ను పునఃపరిశీలనకు వెనక్కి పంపగలరు. అప్పుడు యుఎస్‌సిఐఎస్ రద్దు నోటీసు ఇస్తే, జవాబు చెప్పుకోవడానికి యజమానికి 30 రోజుల గడువు ఉంటుంది. ఉద్యోగం సంగతి అలా ఉండగా, మీరు వ్యక్తిగతంగా దేశ ప్రవేశానికి అర్హులా కాదా అన్నది పూర్తిగా కాన్సులర్ అధికారి నిర్ణయం, మీ పాత విద్యార్థి రికార్డు ప్రస్తావనకు వచ్చేది అక్కడే.

విద్యార్థి వీసాలు ఎక్కువగా తిరస్కరణకు గురయ్యే 214(బి) సెక్షన్, అంటే స్వదేశానికి తిరిగి వెళ్లే ఉద్దేశం రుజువు చేసుకోవాలన్న నిబంధన, హెచ్-1బికి వర్తించదు. పొలం పాసుపుస్తకాలు, ఇంటి దస్తావేజులు, తండ్రిగారి బ్యాంకు డిపాజిట్ రసీదులు ఫైలు నిండా పెట్టుకుని వెళ్లేవారు ఇప్పటికీ ఉన్నారు. హెచ్-1బి ఇంటర్వ్యూలో వాటిని ఎవరూ అడగరు.

ఇక రెండో మాస్టర్స్ విషయానికి వద్దాం. మొదటి రోజు నుంచి సీపీటీ అన్నంత మాత్రాన అది చట్టవిరుద్ధం కాదు. సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే సీపీటీ ఇవ్వాలని ఉన్నా, పాఠ్యక్రమమే తక్షణ శిక్షణను తప్పనిసరి చేసే గ్రాడ్యుయేట్ కోర్సులకు నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. సందేహం వచ్చేది మీరు నిజంగా చదివారా లేదా అన్న దగ్గర. ఎఫ్-1 విద్యార్థి పూర్తికాల చదువు లెక్కలో ఒక సెమిస్టరుకు ఒక ఆన్‌లైన్ కోర్సును మాత్రమే చూపగలడు, మిగిలినవాటికి తరగతి గదికి వెళ్లాల్సిందే. మీ కళాశాల ఒక రాష్ట్రంలో, ఉద్యోగం మరో రాష్ట్రంలో ఉంటే, వారాంతపు తరగతులకు వెళ్లివచ్చిన విమాన టికెట్లు, హోటల్ బిల్లులు, ఫీజు రసీదులు, మార్కుల జాబితాలు ఇప్పుడే వెతికి దగ్గర పెట్టుకోండి. సీపీటీ అనుమతి నమోదైన ఐ-20లు (కళాశాల ఇచ్చే విద్యార్థి పత్రాలు), మీ పనికీ కోర్సుకూ ఉన్న సంబంధాన్ని చూపే సిలబస్ కూడా ఉండాలి. పైగా స్టేటస్ మార్పు ఇచ్చేటప్పుడు అప్పటిదాకా మీరు ఎఫ్-1 నిబంధనలు పాటించారా అన్నది యుఎస్‌సిఐఎస్ చూడాల్సిన అంశమే కాబట్టి, ఆ ఆమోదం మీకు కొంత బలం.

తరగతులకు హాజరులో లోపం ఉందనే అనుకుందాం. అప్పుడు కూడా చాలామంది ఊహించినంత ముప్పు లేదు. గడువు మీరి 180 రోజులకు పైగా ఉండి వెళ్లినవారికి మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించి ఉన్నవారికి పదేళ్లు ప్రవేశ నిషేధం ఉన్నమాట నిజమే. కానీ ఎఫ్-1 విద్యార్థి ఐ-94 మీద సాధారణంగా ఫలానా తేదీ అని ఉండదు, చదువు కొనసాగినంతకాలం అని ఉంటుంది. అందువల్ల యుఎస్‌సిఐఎస్ గాని ఇమిగ్రేషన్ న్యాయమూర్తి గాని ఉల్లంఘన జరిగిందని అధికారికంగా తేల్చనిదే ఆ రోజుల లెక్క మొదలుకాదు. విద్యార్థి స్టేటస్‌లో జరిగిన లోపం ఒక్కటే హెచ్-1బి వీసాకు శాశ్వత అనర్హత కాదు. దాన్ని దాచడానికి చెప్పిన అబద్ధం మాత్రం అవుతుంది.

అందుకే మీ లేఖలో నన్ను నిజంగా ఆపింది సీపీటీ కాదు, కన్సల్టెన్సీ గురించి మీరు ఒకే వాక్యంలో రాసి వదిలేసిన సంగతి. ఓపీటీలో మొత్తం 90 రోజులు, స్టెమ్ పొడిగింపు తీసుకుంటే దానికి మరో 60 రోజులు మాత్రమే ఉద్యోగం లేకుండా ఉండవచ్చు. ఆ పరిమితి దాటకుండా కనిపించడానికి లేని ఉద్యోగాన్ని చూపడం మనవాళ్లలో మామూలైపోయింది. కాగితాల మీదే నడిచిన కొన్ని సంస్థలపై అమెరికా ప్రభుత్వం విచారణ జరిపి, వాటి పేర్లు ఓపీటీలో చూపినవారికి ఏళ్ల తర్వాత కూడా వీసాలు నిరాకరించిన సందర్భాలు ఉన్నాయి. ముఖ్యమైన విషయంలో ఉద్దేశపూర్వకంగా తప్పుడు సమాచారం ఇచ్చి వీసా గాని ఇతర ఇమిగ్రేషన్ ప్రయోజనం గాని పొందినా, పొందబోయినా, 212(ఎ)(6)(సి) సెక్షన్ కింద పడే నిషేధానికి కాలపరిమితి లేదు. తాత్కాలిక వీసాల వరకు మినహాయింపు కోరవచ్చు గాని, అది అధికారుల విచక్షణకు లోబడినది.

కాబట్టి టికెట్టు కొనకముందే ఒక పని చేయండి. మీ హెచ్-1బి పిటిషన్ పూర్తి ప్రతిని యజమాని నుంచి తీసుకుని, అందులో ఆ కన్సల్టెన్సీ అనుభవాన్ని చూపారేమో చదవండి. స్టెమ్ ఓపీటీ దరఖాస్తులో, శిక్షణ ప్రణాళికలో, సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డులో ఏమి నమోదైందో కళాశాల అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం ద్వారా తెలుసుకోండి. ప్రాజెక్టు లేకపోయినా కన్సల్టెన్సీ మీకు నిజంగా శిక్షణ ఇచ్చి, జీతం చెల్లించి, డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్నుల పత్రం) ఇచ్చి ఉంటే మీ పరిస్థితి ఒక రకం. జీతమూ పనీ లేకుండా పేరు మాత్రమే నడిచి ఉంటే పూర్తిగా వేరు. రెండోదే నిజమై, ఆ వివరం ఏదైనా ప్రభుత్వ దరఖాస్తులో చోటు చేసుకుని ఉంటే, ఆ కాగితాలన్నీ ఇమిగ్రేషన్ న్యాయవాదికి చూపించి ఆయన అభిప్రాయం తీసుకునేదాకా దేశం దాటవద్దు. పెళ్లి దగ్గర పడుతుండగా ఈ మాట చెప్పడం కష్టమే, కానీ కాన్సులర్ అధికారి నిరాకరణను న్యాయస్థానాలు సాధారణంగా పరిశీలించవు. అమెరికా సుప్రీంకోర్టు 2024 జూన్‌లో మున్యోజ్ కేసులో ఈ సూత్రాన్ని మరోసారి గట్టిగా నిలబెట్టింది. లోపల ఉన్నప్పుడు దిద్దుకోగలిగినది బయటికి వెళ్లాక దిద్దుకోవడం చాలా కష్టం.

వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారంలో, మీరు ఎప్పుడైనా గడువు మీరి ఉన్నారా, లేదా అమెరికా వీసా షరతులను ఉల్లంఘించారా అన్న ప్రశ్న ఉంటుంది. దానికి ఇంటర్వ్యూ స్లాట్ బుక్ చేసిపెట్టే ఏజెంటు అలవాటుగా ‘లేదు’ అని నొక్కేస్తాడు, ఆ ఫారం మీద ప్రమాణం చేసేది మాత్రం మీరు. నిజం ఏమిటో న్యాయవాదితో తేల్చుకున్నాక మీ చేత్తో మీరే నింపండి. ఉద్యోగాల తేదీలు, పిటిషన్‌లోని తేదీలు, లింక్డిన్ ప్రొఫైల్‌లోని తేదీలు ఒకదానితో ఒకటి కలవాలి. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 (వారి భార్య లేదా భర్త, పిల్లల వీసా) దరఖాస్తుదారుల ఆన్‌లైన్ ఖాతాలను కూడా పరిశీలిస్తున్నారు. వాటిని అందరికీ కనిపించేలా ఉంచాలన్నది విదేశాంగ శాఖ ఆదేశం. లింక్డిన్‌లో ఇప్పుడు కంగారుగా చరిత్రను తిరగరాయడం కంటే, తేడా ఎందుకు వచ్చిందో చెప్పగలగడం మేలు.

స్లాట్ విషయంలో పాత అనుభవాలను నమ్ముకోకండి. 2025 శరదృతువు నుంచి హెచ్-1బికి ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు పడేసి వచ్చే డ్రాప్‌బాక్స్ సదుపాయం లేదు. సొంత దేశంలో గాని నివసించే దేశంలో గాని మాత్రమే దరఖాస్తు చేయాలన్న సూచన కూడా అదే కాలంలో వచ్చింది. ఆన్‌లైన్ పరిశీలన మొదలైనప్పుడు భారతదేశంలోని కాన్సులేట్లలో డిసెంబరు నాటి ఇంటర్వ్యూలు నెలల తరబడి వెనక్కి వెళ్లి, సెలవుకు వచ్చినవారు ఎందరో ఇక్కడే చిక్కుకున్నారు. స్లాట్ చేతికి వచ్చి, పెళ్లికి ముందో వెంటనే తర్వాతో ఇంటర్వ్యూ ఉంటేనే బయలుదేరండి.

ఇంటర్వ్యూ తర్వాత 221(జి) కాగితం చేతిలో పెడితే అది తుది తిరస్కరణ కాదు. పత్రాలు గాని పరిశీలన గాని మిగిలి ఉందని అర్థం. అది కొన్ని వారాల్లో తేలవచ్చు, నెలలూ పట్టవచ్చు. ఆ కాలంలో భారతదేశం నుంచి పనిచేయడానికి, జీతం చెల్లింపుకు యజమాని ఒప్పుకుంటారో లేదో రాతపూర్వకంగా ముందే తెలుసుకోండి. దేశం బయట గడిపిన రోజులు హెచ్-1బి ఆరేళ్ల పరిమితిలో లెక్కకు రావు, కనుక ఆ కాలాన్ని తర్వాత తిరిగి కోరవచ్చు. మూడో చోట, అంటే క్లయింటు దగ్గర పనిచేసేవారైతే, క్లయింటు లేఖ వెంట తీసుకెళ్లండి. తిరిగి వచ్చాక ఐ-94ను ఆన్‌లైన్‌లో తప్పక చూసుకోండి: పాస్‌పోర్టు గడువు దగ్గర పడి ఉంటే, పిటిషన్ గడువు ఎంత ఉన్నా పాస్‌పోర్టు తేదీ వరకే ఇచ్చి పంపడం మామూలు.

మీ మిత్రుడి పరిస్థితి మీది కాదు. స్టేటస్ మార్పు పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే ఆ కోరికను వదులుకున్నట్టే లెక్క. పిటిషన్ విడిగా ఆమోదం పొందవచ్చు గాని, అతను విదేశం నుంచే వీసా తెచ్చుకుని ప్రవేశించాలి. గత నవంబరు దాఖలు కావడంతో ఇక్కడ లక్ష డాలర్ల ప్రకటన అడ్డుతగులుతుంది. యుఎస్‌సిఐఎస్ 2025 అక్టోబరు 20న ఇచ్చిన వివరణ ప్రకారం, దేశంలో ఉండగానే స్టేటస్ మార్పు మంజూరైనవారికి ఆ చెల్లింపు ఉండదు, వారు తర్వాత బయటికి వెళ్లి అదే పిటిషన్ మీద స్టాంపింగ్ చేయించుకున్నా ఉండదు. అదే మంజూరు కాకముందే వెళ్లిపోతే చెల్లింపు వర్తిస్తుంది. ఆ ప్రకటనను పన్నెండు నెలల కాలానికి ఇచ్చారు, పొడిగించే వీలూ ఉంది. విశ్వవిద్యాలయం ఒప్పుకుంటే అదనపు రుసుముతో త్వరగా తేల్చే ప్రీమియం ప్రాసెసింగ్‌కు మార్పించుకోవచ్చు. ఆమోద పత్రం వచ్చి, కొత్త స్టేటస్ అమలులోకి వచ్చేదాకా అతన్ని అక్కడే ఉండమనండి.