హెక్ రామ్జీని చూసే పద్ధతి

చి. శ్రావణికి,

డిటెక్టివ్ ఉన్న పాత టీవీ వెస్టర్న్, అంటే కౌబాయ్‌ల కాలం కథ, ఏదైనా చెప్పమన్నావు. ‘హెక్ రామ్జీ’తో మొదలుపెట్టమ్మా. 1972 నుంచి 1974 దాకా అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్ వాళ్ళు వేశారు. మొత్తం పదే కథలు, ఒక్కోటీ ఓ సినిమా అంత. ఆదివారం మిస్టరీల వరసలో కొలంబో, మెక్‌క్లౌడ్ అనే వేరే డిటెక్టివ్ సీరియళ్ళ మధ్య వంతులవారీగా వచ్చేది కాబట్టి ఏ కథ ఆ కథే ముగిసిపోతుంది. మొదటిది మాత్రం ముందు చూడు, మనుషులెవరో తెలుస్తుంది. తర్వాత వరస తప్పినా ఫర్వాలేదు.

ముందు టీవీ సంగతి. ఇది 4:3 బొమ్మ, అంటే వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు. మీ వెడల్పు టీవీలో అటూ ఇటూ నల్లపట్టీలు రావాలి, రెండూ కలిపి తెర వెడల్పులో పావు వంతు. అవి కనపడకపోతే రెండిట్లో ఏదో తప్పు జరిగిందన్నమాట. బొమ్మని సాగదీస్తే మొహాలు మూడోవంతు లావెక్కుతాయి. అది కంటికి బాధే గానీ కథకి నష్టం లేదు. జూమ్ చేస్తేనే ప్రమాదం. పైనా కిందా కలిపి పావు వంతు బొమ్మ కత్తిరించుకుపోతుంది, పోయేది సరిగ్గా బల్ల మీది చేతులు, నేల మీది బూటు గుర్తులు. పిక్చర్ సైజు 4:3 లేదా ‘ఒరిజినల్’ పెట్టు, కదలికల్ని కృత్రిమంగా నునుపు చేసే ‘మోషన్ స్మూతింగ్’ ఆపెయ్. ఫోన్‌లో చూడకు, ఆనవాళ్ళు చిన్నవి.

నిడివి కూడా చూసుకో. 90 నిమిషాల స్లాటులో వేసిన కథ ప్రకటనలు పోను సుమారు గంటా పావు ఉంటుంది. రెండు మూడు నిమిషాలు తగ్గితే కంగారుపడకు. యూరప్ టీవీ కాపీలు నాలుగు శాతం వేగంగా నడుస్తాయి, గొంతులు కాస్త సన్నగా వినిపిస్తాయి, అంతే. పది నిమిషాలు తగ్గిందా, ఎవరో కోసేశారు. ఇంకో కాపీ వెతుక్కో.

కథ జరిగేది ఓక్లహోమాలో, న్యూ ప్రాస్పెక్ట్ అనే కల్పిత ఊళ్ళో, 20వ శతాబ్దం మొదట్లో. అప్పటికి ఓక్లహోమా ఇంకా రాష్ట్రం కాదు, 1907లో అయింది. ఊరి పోలీసు వేరు, కౌంటీకంతటికీ (మన జిల్లా లాంటిది) షెరిఫ్ వేరు, కేంద్ర ప్రభుత్వం తరఫున ఫెడరల్ మార్షల్ వేరు. ‘ఇది నీ హద్దు కాదు’ అని ఒకరినొకరు అడ్డుకోవడం అందుకే. మనకున్న అలవాటుతో అందరినీ ఒకే డిపార్ట్‌మెంట్ అనుకుంటే సగం గొడవలు అర్థం కావు. కథానాయకుడు హెక్ ఊరి పోలీసులో డిప్యూటీ. పై అధికారి స్టాంప్ కుర్రవాడు. డాక్టర్ కూగన్‌గా హ్యారీ మోర్గన్ వేశాడు, అతను మాట్లాడేటప్పుడు చెవులు రిక్కించి విను.

మన కౌబాయ్ సినిమాల ఊపులో తుపాకీ కోసం ఎదురుచూస్తే విసుగొస్తుంది. హెక్‌గా వేసిన రిచర్డ్ బూన్ తుపాకీ తీసేదానికన్నా పెట్టె తెరిచేదే ఎక్కువ. అందులో భూతద్దాలు, వేలిముద్రల సరంజామా, త్రాసు. అతని చేతులు ఎటు పోతే నీ కళ్ళు అటు పోవాలి. ఒక వస్తువుని దగ్గరగా విడిగా చూపించారంటే గుర్తుపెట్టుకో. హడావిడిగా తీసే టీవీలో పనిలేని క్లోజప్ పెట్టరు. ఇంకో చిట్కా ఉంది, కాస్త దొంగచాటుది: పేరున్న నటుడు అతిథిగా వచ్చి మొదటి అరగంటలో ఏ పనీ లేకుండా తిరుగుతుంటే వాడి మీద కన్నేసి ఉంచు.

వేలిముద్రలొచ్చిన చోట మాత్రం కాలం లెక్క వేసుకోవాలి. ఇందులో మనవాళ్ళ పాలు ఉంది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టారు. ముద్రల వర్గీకరణకి లెక్క కట్టినవాళ్ళు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి పోయింది. 1901లో లండన్ పోలీసులు, అదే స్కాట్లండ్ యార్డ్, ఆ పద్ధతే తీసుకున్నారు. అమెరికాలో వేలిముద్రల సాక్ష్యాన్ని ఇల్లినాయ్ సుప్రీంకోర్టు ఒప్పుకున్నది 1911లో. కాబట్టి ముద్ర దొరకగానే కేసు తేలిపోయిందనుకోకు. అది హెక్‌కి దారి చూపిస్తుంది, జూరీని నమ్మించడం వేరే పని. ఆ రెండిటి మధ్య ఏం చేస్తాడో చూడటంలోనే రుచంతా ఉంది. తూటాలదీ అంతే: రెండు తూటాలని పక్కపక్కన పెట్టి పోల్చే మైక్రోస్కోపు 1920లలో గానీ రాలేదు. ఎక్కడైనా హెక్ అంతకు మించి తేల్చి చెబితే అది రచయితల తొందర.

రాత్రి దృశ్యంలో నీడలు పదునుగా పడుతుంటే తికమకపడకు, పగలు తీసి చీకటి చేసినవి. వెలుగు పెంచితే పగలైపోతుంది, అలాగే వదిలెయ్.

ఒకసారి కూర్చుంటే ఒక్క కథే. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకో, కానీ యంత్రం రాసినవైతే మనుషుల పేర్లు తప్పుగా పడతాయి; అనుమానితుల పేర్లు ఓ కాగితం మీద రాసుకుంటే మంచిది. పదీ అయ్యాక ఇదే బూన్ వేసిన ‘హ్యావ్ గన్ విల్ ట్రావెల్’ పట్టుకో, 1957–63 నాటిది, నలుపు తెలుపు, అరగంట కథలు. ముందు అది చూస్తే మాత్రం హెక్ మందకొడిగా అనిపిస్తాడు.

ఆశీస్సులతో,
పెద్దమామయ్య