రాయదుర్గం ఆఫీసుకి ఏ టికెట్ కొనాలి? మేనకోడలికి మామయ్య ఉత్తరం

అమ్ములూ,

ఎల్బీనగర్‌లో హాస్టల్ చూసుకున్నావనీ, ఆఫీసు రాయదుర్గం మెట్రో స్టేషన్ పక్కనేననీ మీ అమ్మ చెప్పింది. అంటే హైదరాబాద్ సిటీకి ఆ చివర నుంచి ఈ చివరకు. మెట్రోకి నెలకు మూడు వేలు అవుతుందట, బస్ పాస్ అయితే పదహారు వందలేనట, పాస్ తీయించేయమంటావా అని అడిగింది. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని రాస్తున్నాను. మొదటి నెల మాత్రం ఏ పాసూ తీసుకోకు.

ఎందుకంటే, నువ్వు నెలలో ఎన్ని రోజులు ఆఫీసుకి వెళ్తావో నీకే ఇంకా తెలీదు. ఎల్బీనగర్ నుంచి రాయదుర్గానికి మెట్రో టికెట్ 69 రూపాయలు. రానూ పోనూ 138. నెలకు 22 రోజులు వెళ్తే 3036, మీ అమ్మ చెప్పిన మూడు వేలు ఇదే. కానీ మీ టీమ్‌లో వారానికి మూడు రోజులే రమ్మన్నారనుకో, అప్పుడు నెలకు 12 రోజులు, 1656 రూపాయలు. మెట్రో ఎక్స్‌ప్రెస్ (పేరులో మెట్రో ఉన్నా ఇది సిటీ బస్సే) పాస్ 1600. తేడా 56 రూపాయలు! దాని కోసం రోజూ ట్రాఫిక్‌లో నిలబడతావా? అదే వారానికి ఐదు రోజులైతే తేడా 1436. అది ఆలోచించాల్సిన డబ్బే. అందుకే ముందు నీ రోజులు తేలనీ.

ఛార్జీలు నెట్‌లో వెతికితే పాతవి బోలెడు కనిపిస్తాయి. మెట్రో 2017 నవంబరులో మొదలైనప్పుడు కనీసం 10, గరిష్ఠం 60. 2025 మే 17న దాన్ని కనీసం 12, గరిష్ఠం 75 చేశారు. జనం గోల పెట్టాక పది శాతం తగ్గింపు అని ప్రకటించి, మే 24 నుంచి కనీసం 11, గరిష్ఠం 69 చేశారు. బస్సులదీ అంతే. 2025 జూన్‌లో పాసుల ధరలు పెరిగాయి: ఆర్డినరీ 1400, మెట్రో ఎక్స్‌ప్రెస్ 1600, మెట్రో డీలక్స్ 1800. అక్టోబరు 6 నుంచి టికెట్లూ పెరిగాయి. ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్‌లలో మొదటి మూడు స్టేజీల వరకు పాత ఛార్జీ మీద ఐదు రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి పది పెంచారు. కాబట్టి ఎవరో ఎప్పుడో రాసిన టేబుల్ నమ్మొద్దు. మెట్రోకి యాప్‌లోనూ, బస్సుకి కండక్టర్ దగ్గరా చూసుకో. స్టేషన్లలో ఆఫర్ల పోస్టర్లు కూడా అతికిస్తుంటారు. వాటిలో ముందు చూడాల్సింది గడువు తేదీ.

మెట్రోలో ఒక కిటుకు ఉంది, చాలామంది గమనించరు. దూరం పెరిగేకొద్దీ కిలోమీటర్‌కి పడే ఖర్చు తగ్గిపోతుంది. రెండు కిలోమీటర్లకే 11 తీసుకుంటారు, నాలుగు దాటితే 28. కానీ 24 దాటాక ఎంత దూరమైనా 69కి మించదు. ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట 16 కిలోమీటర్లు, దానికి 56. అమీర్‌పేట నుంచి రాయదుర్గానికి విడిగా కొంటే 47. ఒకే టికెట్ మీద వెళ్తే ఆ రెండో ముక్కకి నీకు పడేది 13 రూపాయలే. అందుకని అమీర్‌పేటలో ‘టిఫిన్ చేసి వెళ్దాం’ అని గేటు దాటి బయటికి వచ్చావో, 69తో పోయేది 103 అవుతుంది. ఆ ఇడ్లీ ఖరీదు 34 రూపాయలు ఎక్కువన్నమాట. అక్కడ ఎల్బీనగర్ నుంచి వచ్చే రెడ్ లైన్ దిగి, రాయదుర్గం వెళ్లే బ్లూ లైన్ ఎక్కేటప్పుడు లోపల్లోపలే మారాలి, గేటు జోలికి పోకూడదు. పొద్దున తొమ్మిదింటికి అక్కడ మెట్ల మీద జనం ఎలా ఉంటారో చూస్తావుగా. కంగారు పడి వాళ్ల వెంట ఎగ్జిట్ వైపు కొట్టుకుపోకు, రాయదుర్గం అని రాసిన బోర్డు చూసుకుంటూ నడువు.

బస్సులో ఇది తిరగబడుతుంది. కోఠిలో దిగి 127కె పట్టుకున్నావనుకో, రెండో బస్సులో మళ్లీ మొదటి స్టేజీ నుంచే టికెట్. బస్సు మారిన ప్రతిసారీ కొత్త లెక్క. పాస్‌కి అసలు విలువ ఇక్కడే ఉంది, ఎన్ని బస్సులు మారినా అడిగేవాళ్లుండరు. కానీ సాయంత్రం ఆరింటికి మాదాపూర్ నుంచి కోఠికి, అక్కడి నుంచి మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్బీనగర్‌కి... రెండు గంటలు పట్టినా ఆశ్చర్యపోకు. నా మటుకు నేనైతే పొద్దున పూట మెట్రోనే ఎక్కుతాను. కొత్త ఉద్యోగంలో లేటుగా వెళ్లి మేనేజర్ ముందు నిలబడే టెన్షన్‌కి 69 రూపాయలు ఎక్కువేం కాదు. సాయంత్రం తొందరేం ఉంటుంది? కావాలంటే బస్సులో రా.

ఇక అసలు సంగతి. నీ కొలీగ్స్ కొందరు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్‌తో తిరుగుతుంటారు. తెలంగాణలో ఆడవాళ్లకి ఉచిత బస్సు ప్రయాణం కోసం 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం అది. నువ్వూ ఆడపిల్లవే కదా అని దర్జాగా ఎక్కేయకు. నీ ఆధార్‌లో ఒంగోలు అడ్రస్ ఉంది. తెలంగాణ అడ్రస్ ఉన్న కార్డు ఒరిజినల్ చూపిస్తేనే జీరో టికెట్ కొడతారు, ఫోన్లో ఫోటో చూపిస్తే కాదు. లేకపోతే టికెట్ కొనాల్సిందే. అడ్రస్ మార్పించుకుంటే ఆంధ్రలో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి ఉచిత ప్రయాణం పోతుంది కదా అని మీ నాన్న అనొచ్చు. పోతుంది, నిజమే. కానీ ఆ పథకం రాష్ట్రం దాటే బస్సులకి ఎలాగూ వర్తించదు. హైదరాబాద్ నుంచి ఒంగోలుకి నువ్వు ఎప్పుడొచ్చినా టికెట్ కొనాల్సిందే. రోజూ తిరిగే ఊళ్లో ఫ్రీ ఉండటమే లాభం.

మార్చడానికి ఇబ్బంది ఎక్కడంటే, హాస్టల్ వాళ్లు అడ్రస్ ప్రూఫ్ కాగితం అంత తేలిగ్గా ఇవ్వరు. చేరేముందే, అడ్వాన్స్ చేతిలో పెట్టకముందే అడుగు. అడ్రస్ మారాక మాత్రం ఎక్స్‌ప్రెస్ పాస్ మాటే ఎత్తక్కర్లేదు, అప్పుడు సాయంత్రం బస్సుకి పైసా ఖర్చుండదు. ఐదు రోజుల ఆఫీసైనా పొద్దున మెట్రోకి నెలకు 1518 రూపాయలతో సరిపోతుంది. డీలక్స్, ఏసీ బస్సులు మహాలక్ష్మి పథకంలో లేవు, ఎక్కేముందు బోర్డు చదువు.

ఇంకో ఖర్చు ఎవరూ లెక్కలో వేయరు. హాస్టల్ నుంచి మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లగలవా? వనస్థలిపురం వైపు లోపలికి అయితే నెలకు ఐదు వందలు తక్కువకి గది దొరుకుతుందని ఎవరైనా చెప్తారు. షేర్ ఆటోకి ఒక్కో వైపు ఇరవై అనుకో, 22 రోజులకి 880. ఆ ఐదు వందలు మిగిలినట్టా, పోయినట్టా? పైగా వానాకాలంలో ఆటోవాళ్ల నోటికి ఎంతొస్తే అంత.

ఇల్లు వెతుక్కోవడమో, సర్టిఫికెట్ల పనో పెట్టుకుని ఒకే రోజు నాలుగైదు చోట్లకి తిరగాల్సి వస్తే కండక్టర్‌ని టీ-24 అడుగు. కొన్నప్పటి నుంచి 24 గంటలు సిటీలో ఎక్కడైనా ఎక్కి దిగొచ్చు. మూడు బస్సులు ఎక్కే రోజున దాని ధర ఎంతో అడిగి, విడి టికెట్లతో పోల్చి చూసుకో. చిల్లర తీసుకెళ్లు. ఐదొందల నోటు ఇస్తే కండక్టర్ టికెట్ వెనకాల బాకీ రాసి ఇస్తాడు, దిగేటప్పుడు అడగడం నీ బాధ్యత. చాలామంది మర్చిపోయి దిగిపోతారు.

ఇక ఎంఎంటీఎస్, అంటే సిటీ లోకల్ రైళ్ల సంగతి. టికెట్ 5 నుంచి 15 రూపాయలే, ఇంత చవక హైదరాబాద్‌లో ఇంకోటి లేదు. కానీ మీ ఎల్బీనగర్‌కి ఆ లైన్ లేదు, రైళ్లు కూడా తరచుగా ఉండవు. పైగా హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్ వేరు, హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ వేరు. పేరు చూసి మోసపోకు, ఆ రెండింటికీ మధ్య మళ్లీ ఆటో ఎక్కాల్సినంత దూరం ఉంది. ఆఫీసుకి అది పనికిరాదు గానీ లింగంపల్లి మా ఇంటికి రావడానికి బాగుంటుంది. నాంపల్లి దాకా మెట్రోలో వచ్చి, పక్కనే రైల్వే స్టేషన్‌లో లింగంపల్లి రైలు ఎక్కు. ఆదివారాల్లో రద్దులు ఎక్కువ, బయలుదేరే ముందు యాప్‌లో టైమ్ చూసుకో. చందానగర్ దాటగానే ఫోన్ చెయ్యి, బండి మీద వచ్చి తీసుకెళ్తాను.

మీ మామయ్య