భోగిపళ్ల నాడు ఏడ్చిన పాప గురించి

అమ్మాయీ,

నిన్న ఫోనులో నువ్వు ఏడుస్తుంటే నాకు మాట పెగల్లేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. రేగిపళ్లు, శనగలు, చిల్లర నెత్తిమీద పడగానే పాప గుక్కపట్టి ఏడ్చిందని, పట్టు లంగా పీకి పారేసిందని, వచ్చినవాళ్లంతా "ఎంత మొండిదో" అన్నారని చెప్పావు. పాప మొండిది కాదు. ముందు ఈ మాట నువ్వు నమ్మాలి. మనకు పూరేకు తగిలినట్టుండేది దానికి ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. అది నటించడం లేదు, నీ మీద సాధించడమూ లేదు.

నాకిది ఎలా తెలుసంటావేమో. ఇరవై ఎనిమిదేళ్లు నర్సరీ పిల్లల మధ్య గడిపాను. అంతకంటే ముందు మీ అన్నయ్యను పెంచాను. వాడికి అయిదో ఏట, తలంటు పోసుకోనని పారిపోతుంటే కాళ్లు మా అత్తగారు, చేతులు నేను పట్టుకుని నూనె పట్టించాం. అలవాటైతే అదే పోతుందనుకున్నాం. పోలేదు. నూనె గిన్నె కనబడితే చాలు, మంచం కిందికి దూరేవాడు. అక్కడితో ఆగలేదు. నేను వెనకనుంచి ఊరికే భుజం మీద చెయ్యి వేసినా ఉలిక్కిపడేవాడు. ఆ ఉలికిపాటు తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ కడుపులో దేవినట్టు ఉంటుంది. నువ్వు మాత్రం ఆ పని చెయ్యకు. ఎవరు చెప్పినా సరే, పట్టుకుని చెయ్యకు.

ఒక్క సంగతి అర్థమైతే సగం దారి నీకు నువ్వే కనుక్కుంటావు. చేతి మీద ఈగ వాలితే మనం వెంటనే విదిలించేస్తాం. అదే చోట అరచేత్తో గట్టిగా అదిమితే హాయిగా ఉంటుంది. తేలికగా తగిలే స్పర్శకు ఒళ్లు బెదురుతుంది, నిండుగా పడే ఒత్తిడికి కుదుటపడుతుంది. అందరికీ ఉండేదే ఇది, మన పాపలా స్పర్శ పడని పిల్లల్లో చాలా ఎక్కువ. అమెరికాలో జీన్ అయర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకోవడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు శిక్షణ ఇచ్చేవాళ్లు) 1964లోనే ఇలాంటి పిల్లల గురించి రాసింది. మన ఇళ్లలో మాత్రం ఇప్పటికీ గారాబం అనే అంటున్నాం.

కాబట్టి ముద్దుచేస్తున్నాననుకుని వేళ్ల కొసలతో బుగ్గ నిమరకు. ఎదురుగా వచ్చి, అడిగి, అరచెయ్యి మొత్తం ఆనించి దగ్గరకు తీసుకో. నూనె కూడా అంతే. ముందు దాని చేతిలోనే నాలుగు చుక్కలు వేసి, దాని మోకాలికి దాన్నే రాసుకోమను. తన చెయ్యి తగిలితే అంత బెదురుండదు. తలకు రాసేటప్పుడు వేళ్లతో గీకకుండా అరచేత్తో అదుము. నలుగుపిండి ఇప్పట్లో వద్దు.

జడ సంగతి చెప్పావు, రోజూ యుద్ధమే అన్నావు. కుదుళ్ల దగ్గర జుట్టును పిడికిట్లో గట్టిగా పట్టుకుని, చివరల నుంచి చిక్కు తీసుకుంటూ పైకి రా. అప్పుడు లాగుడు మాడుకు తగలదు. మొదలుపెట్టే ముందు "పది లెక్కపెట్టేలోగా ఆపేస్తాను" అని చెప్పి పైకి లెక్కపెట్టు. పది అనగానే, జడ సగంలో ఉన్నా సరే, చెయ్యి తీసెయ్యి. కాస్త ఆగి, అడిగి, మళ్లీ పది. ఒక్కసారి పదకొండు దాకా వెళ్లావా, మరుసటి రోజు నీ లెక్కను అది నమ్మదు. గోళ్లు స్నానం చేయించాక, మెత్తబడ్డప్పుడు తియ్యి. తీసే ముందు ఒక్కో వేలినీ కాస్త గట్టిగా నొక్కు.

బట్టల దగ్గర నువ్వు చేసిన పొరపాటు అందరూ చేసేదే. లేబుల్ కత్తిరించేశానన్నావు. కత్తిరిస్తే కుట్టులో పీచు మిగులుతుంది, అది అసలు లేబుల్ కంటే ఎక్కువ గుచ్చుతుంది. సన్న కత్తెరతో కుట్టు మొత్తం విప్పి తీసెయ్యాలి. బనీను తిరగేసి తొడుగు, కుట్లు బయటికి పోతాయి. చూసేవాళ్లు చూస్తారు, చూడనీ. కొత్త బట్టలు రెండు మూడు సార్లు ఉతికాకే వెయ్యి. మేజోళ్లలో వేళ్ల దగ్గర లావుపాటి కుట్టు ఉంటే అవీ తిరగేసి వెయ్యి. పట్టు జాకెట్టు లోపలివైపు ఒకసారి నీ చెంపకు రాసి చూడు. పైన మెరిసే జరీ అంతా లోపల తెగిన దారాలుగా ఉంటుంది. పాప ఒంటికి తగిలేది ఆ వైపే.

తిండి విషయంలో నా మాట మీ అత్తగారికి నచ్చకపోవచ్చు. "ఆకలేస్తే అదే తింటుంది" అన్నది అందరి పిల్లలకూ వర్తించదు. వీళ్లలో కొందరు కడుపు మాడ్చుకుంటారే గానీ నోట్లో పెట్టరు. పప్పూ అన్నం మనం మెత్తగా పిసికి ముద్దలు చేసి పెడతాం, ఆ మెత్తనలో ఒక టమాటా తొక్కో, మిరపకాయ ముక్కో తగిలేసరికి దానికి వాంతికి వస్తుంది. పెరుగన్నంలో ఆవగింజ కూడా అంతే. అందుకని కొన్నాళ్లు కలపకు. అన్నం ఒకచోట, పప్పు ఒక గిన్నెలో, తాలింపు లేకుండా. చేతికి అంటుకోవడం ఇష్టం లేకపోతే చెంచా ఇవ్వు, పక్కన తడిగుడ్డ ఉంచు. కొత్త కూర గోరంత ముక్క కంచం అంచున పెట్టి ఊరుకో. మొదటి వారం చూస్తుంది, తరువాత ఎప్పుడో తాకుతుంది, వాసన చూస్తుంది. తినమని ఒక్క మాటా అనకు. బరువు తగ్గుతున్నా, తినే పదార్థాలు రోజురోజుకీ తగ్గిపోతున్నా ఆలస్యం చెయ్యకుండా పిల్లల డాక్టరుకు చూపించు.

ఒళ్లు కుదుటపడాలంటే బరువు పని మంచి మందు. జడ వెయ్యబోయే ముందు నీళ్ల సీసాలు మోయించు, దిళ్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్పించు, చపాతీ పిండి పిడికిళ్లతో గుద్దనివ్వు. పిండి చేతికి అంటుకుంటుందని ఏడిస్తే ముందు పళ్లెంలో కందిపప్పు పోసి చెంచాతో ఆడుకోనివ్వు. పొడివి అలవాటయ్యాక తడివి, జిగురువి ఆఖరున. మధ్యలో చెయ్యి కడుక్కుంటానంటే వెంటనే కడుక్కోనివ్వాలి.

బడిలో టీచరుతో నువ్వే మాట్లాడు. వరసలో అందరికంటే చివర నిలబెడితే వెనకనుంచి ఎవరూ తగలరు. రంగులు వేలితో కాకుండా కుంచెతో వేయనిస్తే చాలు. ఇంటికొచ్చిన చుట్టాలు బుగ్గలు పుణకబోతే నువ్వు అడ్డం వెళ్లు. "మా పాప నమస్కారం పెడుతుందండీ" అంటే ఎవరూ నొచ్చుకోరు. నొచ్చుకున్నా ఫరవాలేదు.

ముందుగా ఒకసారి ఒళ్లంతా డాక్టరుకు చూపించు, తామరో చెమటకాయలో ఉంటే దారి వేరు. పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం, మాట ఆలస్యం కావడం, తోటిపిల్లలతో కలవకపోవడం కూడా ఉంటే ఆటిజం ఉందేమో చూస్తారు. 2013 నుంచి ఆటిజం లక్షణాల జాబితాలో ఇలా స్పర్శ, శబ్దం పడకపోవడాన్నీ చేర్చారు. అలాగని స్పర్శ పడని ప్రతి బిడ్డకూ ఆటిజం ఉన్నట్టు కాదు, అనవసరంగా హడలిపోకు. చాలా జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల కోసం సత్వర చికిత్స కేంద్రాలు ఉన్నాయి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. ఆక్యుపేషనల్ థెరపిస్టు ఎక్కడ ఉన్నారో అక్కడ అడుగు. వీడియోలు చూసి బ్రష్‌తో ఒళ్లు రుద్దడం, బరువు దుప్పట్లు కప్పడం మాత్రం సొంతంగా మొదలుపెట్టకు.

ఉగాదికి నాలుగు రోజుల ముందే వస్తాను. ఆ పట్టు లంగా, జాకెట్టు ఎవరికీ ఇచ్చెయ్యకు. మల్లు గుడ్డ కొని ఇప్పటికే రెండు సార్లు ఉతికి ఆరేశాను. జాకెట్టుకు చంకల దాకా లోపలంతా లైనింగ్ వేస్తాను, కుట్లు పైవైపుకు ఉండేలా. కుట్టాక పాప చేతికే ఇచ్చి, లోపల చెయ్యి పెట్టి చూడమందాం. వేసుకుంటానంటే వేద్దాం. లేదంటే ఆ పాత మెత్తని గౌనుతోనే పండగ చేసుకుంటుంది.

మీ పెద్దమ్మ