20 శాతం పెంచి, మళ్లీ 20 శాతం తగ్గిస్తే పాత ధర ఎందుకు రాదు?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వంజరం కిలో 500 అనుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ధర 20 శాతం పెరిగింది: 500లో 20 శాతం 100, మొత్తం 600. బోట్లు మళ్లీ వేటకెళ్లాక 20 శాతం తగ్గింది, సరిగ్గా ఇక్కడే పిల్లలు (నిజం చెప్పాలంటే పెద్దలు కూడా) బోల్తా పడతారు, ఎందుకంటే ఈసారి శాతం కట్టాల్సింది 500 మీద కాదు, 600 మీద. 120 పోతే 480.

ఆల్జీబ్రాలో అయితే ధరను ఎక్స్ అనుకోండి: ఎక్స్ × 1.2 × 0.8 = 0.96 ఎక్స్. అంటే మొదటి ధర ఎంతైనా చివరికి 4 శాతం తగ్గుద్ది. మళ్లీ 500 రావాలంటే 600లో 100 తగ్గాలి, 100 ÷ 600, దాదాపు 16.67 శాతం.