టెక్ సందేహాలు: ఆర్‌వీ ప్లగ్గులో కరెంటు ఎప్పుడుంటుంది?

సెలవులు దగ్గరపడ్డాయంటే లాస్ వెగాస్‌లోనో లాస్ ఏంజెలిస్‌లోనో ఆర్‌వీ (లోపలే పడుకుని వండుకునే ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని డెత్ వ్యాలీ, జాషువా ట్రీ, జయాన్ నేషనల్ పార్కుల వైపు బయల్దేరే తెలుగు కుటుంబాలు చాలానే. వాళ్లకు వచ్చే సందేహాలకే ఈసారి జవాబులు.

ప్రశ్న: డిసెంబరులో 25 అడుగుల క్లాస్-సి (వ్యాన్ ముందుభాగం మీద కట్టిన రకం) ఆర్‌వీ తీసుకుంటున్నాం. జాషువా ట్రీలో రెండు రాత్రులు ఉంటాం. అత్తయ్యగారు, మామయ్యగారు గుంటూరు నుంచి వచ్చారు. ఇన్‌స్టంట్ పాట్, ఇండియా మిక్సీ పెట్టుకుంటున్నాం. మామయ్యగారికి రాత్రి సీప్యాప్ మెషిన్ (నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కుతో గాలి అందించేది) ఉండాలి. బండిలో ప్లగ్గులున్నాయన్నారు, సరిపోతుందా? (ఫ్రిస్కో, టెక్సస్)

ప్లగ్గులుంటాయి. కరెంటే అన్నివేళలా ఉండదు. ఆర్‌వీలో రెండు రకాల వైరింగు ఉంటుంది. లైట్లు, నీళ్ల పంపు, హీటర్ ఫ్యాను 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. గోడ ప్లగ్గులు, మైక్రోవేవ్, ఏసీ 120 వోల్టులవి. వీటికి క్యాంప్‌గ్రౌండ్‌లో హుకప్ (బండి వైరు గుచ్చుకునే కరెంటు సాకెట్) అయినా ఉండాలి, జనరేటరైనా తిరగాలి. ఇన్వర్టర్ ఉంటే వేరే సంగతి. అద్దె బండ్లలో చాలావాటికి ఉండదు కాబట్టి బుక్ చేసేటప్పుడే అడగండి.

జాషువా ట్రీ పార్కు క్యాంప్‌గ్రౌండ్లలో ఎక్కడా హుకప్ లేదు. జనరేటర్‌కూ వేళలున్నాయి: ఉదయం 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7. ఇన్‌స్టంట్ పాట్ 1000 వాట్లు, మైక్రోవేవ్ సుమారు 1500, ఏసీ ఇంకో 1500. 4000 వాట్ల జనరేటర్ మీద మూడూ ఒకేసారి పెడితే బ్రేకర్ పడిపోవచ్చు. దానికన్నా మామూలు స్టవ్ కుక్కర్ పట్టుకెళ్లి బండిలోని గ్యాస్ పొయ్యి మీద అన్నం వండుకోవడం మేలు. దానికి కరెంటూ అక్కర్లేదు, వేళలతోనూ పని లేదు. ఇండియా మిక్సీ 230 వోల్టులది, 120 మీద ఈడ్చుకుంటూ తిరుగుతుంది, పప్పు నలగదు. దాన్ని ఇంట్లోనే ఉంచి కందిపొడి, పచ్చళ్లు సర్దుకోండి.

ఇక సీప్యాప్. అసలు లెక్క ఇక్కడే. గాలికి తేమ కలిపే హ్యుమిడిఫయర్, వేడి గొట్టం ఆపేస్తే చాలా మోడళ్లు సగటున 30 నుంచి 40 వాట్లే తీసుకుంటాయి. 8 గంటలకు 320 వాట్-అవర్లు అనుకోండి. ఆర్‌వీలో ఉండే 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ కాగితం మీద 1200 వాట్-అవర్లు, సగానికి మించి వాడకూడదు కాబట్టి చేతికొచ్చేది 600. డిసెంబరు రాత్రి అక్కడ చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది. హీటర్ గ్యాస్‌తో మండినా దాని ఫ్యానుకు సుమారు 90 వాట్లు కావాలి. రాత్రిలో సగం సేపు తిరిగినా 360 అయిపోతాయి. రెండూ కలిస్తే 680. అంటే తెల్లవారుజామున వోల్టేజీ పడిపోయి ముందు హీటర్ ఆగుతుంది. బండి పాడైందనుకుని కంపెనీకి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ ఉండదు.

అందుకని సీప్యాప్‌ను బండి బ్యాటరీకి తగిలించకండి. 1000 వాట్-అవర్ల పవర్ స్టేషన్ (చేత్తో మోసుకెళ్లే పెద్ద బ్యాటరీ పెట్టె) ఒకటి తీసుకెళ్లండి. దానికి మెషిన్ కంపెనీ అమ్మే డీసీ కన్వర్టర్ తగిలిస్తే ఇన్వర్టర్‌లో వృథా తప్పుతుంది. పొద్దున 7 గంటలకు జనరేటర్ వేయగానే పవర్ స్టేషన్‌ను గోడ ప్లగ్గుకు పెడితే, 500 వాట్ల వేగంతో ఎక్కేదైనా రాత్రి ఖర్చు గంటలోపే తిరిగొస్తుంది. ఎడారి గాలి బాగా పొడిగా ఉంటుంది, హ్యుమిడిఫయర్ ఆపితే ముక్కు ఎండిపోవచ్చు. ట్యాంకులో నీళ్లుంచి వేడి మాత్రం ఆపితే కొంత తేమ అందుతుంది. ఇది ఆయన డాక్టరును అడిగి, ఇంట్లో ఒక రాత్రి అలాగే పడుకుని చూశాకే ఖాయం చేసుకోండి.

మరో రెండు చిక్కులు. కొన్ని బండ్లలో జనరేటర్ తిరుగుతున్నా ప్లగ్గులో కరెంటు రాదు. బయటి పెట్టెలో చుట్టి ఉన్న లావుపాటి హుకప్ వైరును అదే పెట్టెలోని సాకెట్‌కు గుచ్చాలి. అప్పటికీ రాకపోతే బాత్‌రూమ్ ప్లగ్గు మీదుండే రీసెట్ బటన్ నొక్కండి. పెట్రోలు పావు ట్యాంకుకు దిగితే జనరేటర్ దానంతటదే ఆగుతుంది. మీరు ఊరు చేరడానికి మిగలాలనే ఆ ఏర్పాటు. రిపేరేమీ అక్కర్లేదు, ట్యాంకు నింపితే మళ్లీ అందుకుంటుంది.

ప్రశ్న: గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్‌లో దించుకుంటే చాలా? ఆర్‌వీ జీపీఎస్ కొనాలా? (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, ఎక్కడున్నారో చుక్క కనిపిస్తుంది. చుట్టూ మ్యాప్ ఉండాలంటే ముందే దించుకోవాలి. ప్రొఫైల్ బొమ్మ నొక్కి, ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లో మీ చతురస్రాన్ని పార్కు దాకా కాకుండా దగ్గరి పెద్ద ఊరి దాకా లాగండి. డెత్ వ్యాలీకైతే పశ్చిమాన లోన్ పైన్, తూర్పున పహ్రంప్ అందులోకి రావాలి. తర్వాత ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి డెత్ వ్యాలీ లోపలి ఫర్నేస్ క్రీక్‌కు రూటు అడగండి. ఇవ్వకపోతే మీరు ఇంట్లో ఉండగానే తెలిసిపోతుంది. నేషనల్ పార్క్ సర్వీస్ యాప్‌లోనూ పార్కు వారీగా ఆఫ్‌లైన్‌లో సేవ్ చేసుకునే వీలుంది, అదీ చేయండి.

అయితే గూగుల్ మ్యాప్స్‌కు మీ బండి ఎత్తు, వెడల్పు తెలియవు. కారుకు చూపించే దారే మీకూ చూపిస్తుంది. 1930లో తెరిచిన జయాన్-మౌంట్ కార్మెల్ సొరంగమే చూడండి. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు గానీ, అద్దాలతో కలిపి 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు గానీ దాటిన బండికి ఒకప్పుడు 15 డాలర్లు కడితే, రేంజర్లు ఎదురొచ్చే వాహనాలను ఆపి దారిచ్చేవాళ్లు. 2026 జూన్ 7 నుంచి అలాంటి బండ్లను ఆ దారిలో రానివ్వరు. క్లాస్-సి బండ్లన్నీ దాదాపుగా ఈ కొలత దాటుతాయి. జయాన్ పక్కనున్న స్ప్రింగ్‌డేల్ ఊరి నుంచి బ్రైస్ కెన్యాన్ పార్కు వైపు వెళ్లాలంటే వెనక్కి హరికేన్ ఊరికొచ్చి, 59వ నంబరు రోడ్డు మీద అరిజోనాలోకి దిగి, ఫ్రెడోనియా మీదుగా కానబ్ చేరాలి. గూగుల్‌లో ఫ్రెడోనియాను మధ్య మజిలీగా పెట్టండి, లేకపోతే మళ్లీ సొరంగానికే తిప్పుతుంది.

డెత్ వ్యాలీలో ఆర్టిస్ట్స్ డ్రైవ్, డాంటేస్ వ్యూ రోడ్ల మీద 25 అడుగులు దాటిన బండ్లకు అనుమతి లేదు. అద్దె కంపెనీ '25 అడుగులు' అనేది మోడల్ పేరు కావచ్చు. బంపర్ నుంచి బంపర్ దాకా టేపుతో కొలిచి చూసుకోండి.

ఒక్క ట్రిప్పుకు ఆర్‌వీ జీపీఎస్ పరికరం దండగ. ఆర్‌వీ లైఫ్ లాంటి యాప్‌లో బండి కొలతలు ఎక్కించి, కొలత తెలిసిన రూటును దాన్నుంచి తీసుకోండి.

ప్రశ్న: డ్యాష్‌బోర్డు మీద పెట్టిన ఐఫోన్ వేడెక్కి ఆగిపోతోంది. ఫ్రిజ్‌లో పెట్టొచ్చా? (టెంపీ, అరిజోనా)

వద్దు. చల్లబడిన ఫోన్‌ను బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది. ఐఫోన్‌ను 35 డిగ్రీల వరకే వాడమని ఆపిల్ చెబుతుంది, ఎండ పడే డ్యాష్‌బోర్డు మీద అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. ఏసీ గాలి వచ్చే చోట తగిలించే హోల్డర్ కొనండి, వైర్‌లెస్ ఛార్జింగ్ మానేసి వైరు వాడండి, మందపాటి కవర్ తీసేయండి. ఛార్జింగ్ మధ్యలో ఆగితే ఛార్జర్ మార్చకండి, వేడికి ఫోనే ఆపుకుంటుంది.

ప్రశ్న: స్టార్‌లింక్ మినీ (శాటిలైట్ ఇంటర్నెట్ ఇచ్చే చిన్న డిష్) కొనాలా, ఫోన్‌లోని శాటిలైట్ చాలా? (అట్లాంటా, జార్జియా)

ఆపద కోసమే అయితే ఫోన్ చాలు. ఐఫోన్ 14 నుంచి సిగ్నల్ లేని చోట సాయం కోరే శాటిలైట్ ఎస్‌ఓఎస్ ఉంది, ఐఓఎస్ 18తో మామూలు మెసేజీలూ వెళ్తాయి. సెట్టింగ్స్‌లోని ఎమర్జెన్సీ ఎస్‌ఓఎస్‌లో డెమో ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లతో కూడా ఒకసారి చేయించండి. ఇరుకు లోయల్లో ఆకాశం కనబడక మెసేజ్ ఆలస్యమవుతుంది, తెరిపి చోటికి నడవాలి. పాత ఫోన్లున్న వాళ్లకు టీ-మొబైల్ 2025 జులైలో మొదలుపెట్టిన టీ-శాటిలైట్ ఉంది. నెలకు 10 డాలర్లు, వెరైజన్, ఏటీ అండ్ టీ కస్టమర్లూ తీసుకోవచ్చు. మీ ఫోన్ మోడల్ దానికి పనికొస్తుందో లేదో ముందు చూసుకోండి.

రోజూ ఆఫీసు పని చేయాల్సి ఉంటే మినీ తీసుకోండి. సగటున 25 నుంచి 40 వాట్లు తాగుతుంది, 8 గంటలకు 320 వాట్-అవర్ల దాకా, అంటే ఒక సీప్యాప్ రాత్రితో సమానం. యూఎస్‌బీ-సీ మీద నడపాలంటే 100 వాట్లిచ్చే పోర్టు, అంత మోయగల వైరు ఉండాలి. 65 వాట్ల లాప్‌టాప్ ఛార్జర్‌తో ప్రయత్నించి 'డిష్ పాడైంది' అనుకునేవాళ్లు ఎక్కువ.

ప్రశ్న: అరిజోనాలోని పేజ్ ఊళ్లో ఆంటెలోప్ కెన్యాన్ టూర్ బుక్ చేశాం. అక్కడ ఫోన్ టైమ్ గంట అటూ ఇటూ మారుతుందంటారు, నిజమేనా? (చికాగో, ఇల్లినాయిస్)

నిజమే, మార్చి నుంచి నవంబరు దాకా. అరిజోనా గడియారం మార్చదు, పక్కనున్న యూటా రాష్ట్రం, ఆదివాసీల పాలనలోని నవాహో నేషన్ మారుస్తాయి. ఫోన్ ఏ టవర్ పట్టుకుంటే ఆ టైమ్ చూపిస్తుంది. టూర్లు మాత్రం పేజ్ టైమ్ ప్రకారమే నడుస్తాయి. ముందు రోజు రాత్రి ఆటోమేటిక్ టైమ్ ఆపేసి ఫీనిక్స్ ఎంచుకోండి. క్యాలెండర్‌లో టూర్ ఎంట్రీ టైమ్ జోన్‌ను కూడా ఫీనిక్స్‌కు మార్చండి, లేకపోతే రిమైండర్ చికాగో లెక్కన మోగుతుంది. కెన్యాన్ దాటి యూటాలోకి వెళ్లాక ఆటోమేటిక్ మళ్లీ ఆన్ చేయడం మర్చిపోకండి.