జార్జ్ వాషింగ్టన్ కాదండీ, జార్జ్ మేసన్

"ఎవరూ లెక్కలోకి తీసుకోని జట్టు పెద్ద టోర్నీలో దూసుకుపోవడం మీరెప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? అప్పుడు చుట్టూ ఎలా ఉండేది?" అని అడిగారు. చూశాను. అమెరికాలో, 2006 మార్చిలో, కాలేజీ బాస్కెట్‌బాల్. కాకపోతే మొదటి మ్యాచ్ చూడనే లేదు, రెండోది సగం అర్థం కాకుండానే చూశాను, ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను.

2005 ఆగస్టులో ఎమ్మెస్ చేయడానికి వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్‌కి వెళ్లాను. కాలేజీ పేరు జార్జ్ మేసన్ యూనివర్సిటీ. తెనాలిలో ఆ పేరు ఎవరికి చెప్పినా "ఏది, జార్జ్ వాషింగ్టనా?" అనేవారు. మా బాబాయి అయితే "మేసన్ అంటే తాపీమేస్త్రీ కదరా, ఇంత ఖర్చుపెట్టి మేస్త్రీ కాలేజీకి పోతున్నావా" అని పెళ్లి పందిట్లో అందరి ముందూ ఆటపట్టించాడు. నిజానికి ఆ జార్జ్ మేసన్ తక్కువవాడేం కాదు. 1776లో వర్జీనియా హక్కుల ప్రకటనకి ముసాయిదా రాసినాయన. తర్వాత అమెరికా రాజ్యాంగం తయారైనప్పుడు సభలో చివరిదాకా కూర్చుని, అందులో పౌరుల హక్కుల పట్టిక లేదని సంతకం పెట్టకుండా లేచి వెళ్లిపోయాడు. కానీ పెళ్లి పందిట్లో ఇవన్నీ ఎవరు వింటారు? అందుకని ఎవరైనా వాషింగ్టన్ అంటే నేనూ తల ఊపేసేవాణ్ణి.

అమెరికాలోనూ పరిస్థితి పెద్ద తేడాగా లేదు. వాషింగ్టన్ నగరానికి అంత దగ్గర్లో ఉన్నా, మాది ఇళ్ల నుంచి కార్లలో వచ్చి క్లాసులు విని వెళ్లిపోయే పిల్లల కాలేజీ అని పేరు. విడి యూనివర్సిటీగా ఏర్పడిందే 1972లో. బాస్కెట్‌బాల్ జట్టు ఉందని నాకు తెలిసింది కూడా జాన్సన్ సెంటర్‌లో శాండ్‌విచ్ కౌంటర్ దగ్గర పని దొరికాకే. చాలా పొడుగ్గా ఉన్న కుర్రాళ్లు వచ్చి రెండేసి శాండ్‌విచ్‌లు చెప్పేవారు. వాళ్లెవరని అడిగితే మా సూపర్‌వైజర్ నన్ను అదోలా చూసింది.

టోర్నీ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. దేశం మొత్తం నుంచి ఎంపిక చేసిన కాలేజీ జట్లు, అప్పట్లో 65. నాలుగు ప్రాంతాలుగా విడగొట్టి, ఒక్కోదాంట్లో 1 నుంచి 16 దాకా ర్యాంకులిస్తారు. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. లీగ్ దశ, పాయింట్ల పట్టిక, రన్‌రేటు లాంటివేమీ ఉండవు. వరసగా నాలుగు గెలిస్తే ఆఖరి నాలుగు జట్లలో ఒకటవుతారు, దాన్ని ఫైనల్ ఫోర్ అంటారు. ఆఫీసుల్లో, క్లాసుల్లో ప్రతివాడూ ఎవరు ఎవర్ని ఓడిస్తారో ముందే కాగితం మీద నింపి పందెం కడతాడు.

ఆ జట్ల జాబితా ప్రకటించిన రోజు నాకు బాగా గుర్తు, వేరే కారణానికి. మార్చి 12, ఆదివారం. జొహానెస్‌బర్గ్‌లో ఆస్ట్రేలియా 434 కొడితే దక్షిణాఫ్రికా 438 కొట్టి గెలిచింది చూడండి, ఆ రోజు. మాకది తెల్లవారుజామున మొదలైంది. మా రూమ్‌లో ఐదుగురం రాత్రంతా మేలుకుని స్కోర్‌కార్డు రిఫ్రెష్ కొట్టుకుంటూ కూర్చున్నాం. సాయంత్రం డ్యూటీకి నిద్రమొహంతో వెళ్తే టీవీ ముందు గుంపు కనిపించింది. మేసన్‌కి చోటు దొరికింది, 11వ ర్యాంకు! అందరూ అరుస్తుంటే సీబీఎస్ టీవీ వ్యాఖ్యాతలు మాత్రం ఈ జట్టుని అసలెందుకు తీసుకున్నారని ఎంపిక కమిటీ అధ్యక్షుణ్ణి నిలదీస్తున్నారు. వాళ్ల అనుమానానికీ కారణం ఉంది. మేసన్ అంతకు ముందే తన సొంత లీగ్ టోర్నీలో హాఫ్‌స్ట్రా అనే కాలేజీ చేతిలో ఓడిపోయింది. పైగా ఆ మ్యాచ్‌లో మా జట్టులోని టోనీ స్కిన్ అవతలి ఆటగాణ్ణి కొట్టకూడని చోట గుద్దాడు. కోచ్ జిమ్ లారనాగా అతణ్ణి తర్వాతి మ్యాచ్‌కి తప్పించేశాడు. ఆ తర్వాతి మ్యాచ్ ఈ టోర్నీలో మొదటిది. అప్పటిదాకా మేసన్ ఈ టోర్నీలో ఒక్క మ్యాచ్ కూడా గెలిచిన చరిత్ర లేదు. అలాంటప్పుడు ఒక ముఖ్యమైన ఆటగాణ్ణి బయట కూర్చోబెట్టడం చిన్న విషయమా?

మొదటి మ్యాచ్ మిషిగన్ స్టేట్‌తో. ముందు ఏడాది ఫైనల్ ఫోర్ ఆడిన జట్టు. స్కిన్ లేకుండానే 75-65తో గెలిచారు. నేను చూడలేదు, మర్నాడు పేపర్లో చదివాను. రెండోది నార్త్ కరోలినాతో, వాళ్లు ముందు ఏడాది ఛాంపియన్లు. మైకేల్ జోర్డాన్ చదివిన కాలేజీ అని మా రూమ్మేట్ చెప్తే, "అయితే ఇక సర్దుకోవడమే" అనుకున్నాం. అనుకున్నట్టే 16-2తో వెనకపడ్డారు. నేను లేచి గిన్నెలు తోముకోవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి తేడా తగ్గిపోతోంది. చివరికి 65-60, మేసన్ గెలిచింది. పక్క ఫ్లాట్‌లో ఎవరో గోడ మీద బాదుతున్నారు. అదే సమయంలో ముంబైలో ఇంగ్లండ్‌తో టెస్టు జరుగుతోంది. ఆ వారం క్రికెట్ స్కోరు కంటే ముందు బాస్కెట్‌బాల్ వార్త చూశాను. నా జీవితంలో అలా జరగడం అదే మొదలు.

జట్టులో మొదటి ఐదుగురి గురించి చెప్పాలి. టోనీ స్కిన్, లామార్ బట్లర్, ఫొలారిన్ క్యాంప్‌బెల్, విల్ థామస్, జై లూయిస్. ఐదుగురూ పక్కనున్న మేరీలాండ్‌లో పెరిగినవాళ్లే. పెద్ద కాలేజీల కోచ్‌లు వాళ్ల గడప దాకా వచ్చి, ఇంకో ఇంటి తలుపు తట్టి వెళ్లిపోయారు. లూయిస్, థామస్ బుట్ట కింద ఆడాల్సినవాళ్లు. ఇద్దరూ ఆరడుగుల ఏడంగుళాలే. ఏడంగుళాలే ఏమిటని మీరు నవ్వచ్చు, ఆ స్థాయిలో ఆ చోటికి అది పొట్టి కిందే లెక్క. జై లూయిస్ బరువు వంద కిలోలు ఎప్పుడో దాటేసింది. అతని పేరు తెర మీద పడగానే మా గుంటూరు రూమ్మేట్ "జై!" అని పిడికిలెత్తేవాడు. వాళ్ల ఉచ్చారణ ఏదైనా మాకది నినాదమే. నాలుగో రోజుకి పక్కనున్న అమెరికన్ పిల్లలు కూడా ఏమీ తెలియకుండా "జై, జై" అనడం మొదలుపెట్టారు.

మూడో మ్యాచ్, నాలుగో మ్యాచ్ వాషింగ్టన్‌లోనే పడ్డాయి, వెరైజన్ సెంటర్‌లో. వియన్నా స్టేషన్‌లో మెట్రో ఎక్కి, మధ్యలో ఒకసారి మారితే సరిపోతుంది. శుక్రవారం విచిటా స్టేట్‌తో మ్యాచ్‌కి నాతో పనిచేసే పిల్ల ఒక టికెట్ ఇస్తానంది. ధర విని రూపాయల్లోకి మార్చుకున్నాను. అక్కడే చెడింది. కొత్తలో మనందరికీ ఉండే జబ్బే కదా, ఏది చూసినా నలభై ఐదుతో గుణించడం. వద్దన్నాను. మేసన్ 63-55తో గెలిచింది. ఇప్పటికీ ఆ టికెట్ గుర్తొస్తే కడుపు మండుతుంది.

ఆదివారం, మార్చి 26. కనెక్టికట్‌తో. ఆ ప్రాంతంలో వాళ్లది ఒకటో ర్యాంకు, దేశంలోనే గెలవాల్సిన జట్టని అందరూ అనుకున్నది. ఆ జూన్‌లో ఎన్‌బీఏ, అంటే అక్కడి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్, జరిపిన ఎంపికలో ఆ ఒక్క జట్టు నుంచే ఐదుగుర్ని తీసుకున్నారు, మా ఐదుగురిలో ఒక్కణ్ణీ తీసుకోలేదు. తేడా ఎంతుందో మీరే చూసుకోండి. మేసన్ ఏ లీగ్‌లో ఆడుతుందో కూడా కనెక్టికట్ ఆటగాళ్లకి తెలియదని మ్యాచ్‌కి ముందు లారనాగా తన కుర్రాళ్లతో అన్నాడట. అప్పట్లో మా లీగ్ పేరు పొడి అక్షరాల్లో సీఏఏ. దానికి "కనెక్టికట్ పని పట్టేవాళ్ల సంఘం" అనే అర్థం వచ్చేలా కొత్త విస్తరణ చెప్పి వాళ్లని నవ్వించాడట. పేరు తెలియకపోవడం అన్న బాధ నాది కూడా కాబట్టి ఈ కథ నాకు భలే నచ్చింది.

నాకు ఆ మధ్యాహ్నం డ్యూటీ. కౌంటర్ దగ్గరికి ఒక్కరూ రాలేదు. సగం ఆట అయ్యేసరికి మేసన్ 9 పాయింట్లు వెనక. తర్వాత ఆ పొట్టివాళ్లు ఇద్దరూ బుట్ట కింద ఎన్‌బీఏ పిల్లల్ని భుజాలతో నెట్టుకుంటూ, తిరిగి, చిన్న చిన్న షాట్లు వేస్తూ పోయారు. థామస్, అవతలి స్టార్ రూడీ గే ఇద్దరూ బాల్టిమోర్ వైపు హైస్కూళ్లలో ఎదురెదురు ఆడినవాళ్లేనని టీవీలో చెప్పారు. అంటే ఒకణ్ణి చూసి ఒకడు బెదిరే అవసరం లేదన్నమాట. నిర్ణీత సమయం ఆఖరి క్షణంలో మేసన్ రెండు పాయింట్లు ముందుంది. డెన్హమ్ బ్రౌన్ దూసుకొచ్చి బుట్ట కింద నుంచి అవతలి వైపుకి వెళ్లి, వెనక్కి వేశాడు. బంతి అంచు మీద కాసేపు తచ్చాడి లోపల పడింది. 74-74. హాలంతా నిశ్శబ్దం. నా పక్కన నిలబడిన మా సూపర్‌వైజర్ చేతి తొడుగులు తీసేసి చెత్తబుట్టలో పడేసింది. ఎందుకో ఆమెకే తెలియాలి.

అదనపు ఐదు నిమిషాలు. సాధారణంగా చిన్న జట్లు ఇక్కడే చేతులెత్తేస్తాయి. వీళ్లు మళ్లీ ముందుకెళ్లారు. 86-84. ఆరు సెకన్లు మిగిలి ఉండగా జై లూయిస్‌కి రెండు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డుకోకుండా వేసే ఒక్కో పాయింటు షాట్లు. ఒక్కటి పడినా ప్రాణం కుదుటపడేది. రెండూ పోయాయి. మా గుంటూరువాడు టీవీకి వీపు తిప్పేశాడు. బ్రౌన్ పరుగెత్తుకొచ్చి మూడు పాయింట్ల షాట్ వేశాడు, అది పడితే ఓటమే. పడలేదు.

తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పలేను. ఎవరో నన్ను ఏప్రాన్‌తో సహా ఎత్తారు. బయట జార్జ్ మేసన్ విగ్రహం చుట్టూ జనం. పరీక్షల ముందు పిల్లలు ఆ విగ్రహం బొటనవేలు రుద్దుతుంటారు, అదొక నమ్మకం. ఆ రోజు నేనూ రుద్దాను. ఇంటికి ఫోన్ చేస్తే అక్కడ తెల్లవారుజాము. అమ్మ కంగారుగా "ఏమైందిరా, ఒంట్లో బాలేదా?" అంది. బాస్కెట్‌బాల్ గెలిచామన్నాను. కాసేపాగి, "నువ్వు ఆడావా?" అని అడిగింది.

నాలుగు రోజులకి ఉగాది, మార్చి 30. వ్యయ నామ సంవత్సరం. పేరులోనే ఖర్చుంది, అందుకు తగ్గట్టు మా రూమ్‌లో అందరం పుస్తకాల షాపులో క్యూ కట్టి ఆకుపచ్చ టీషర్టులు కొన్నాం. వేపపువ్వు దొరకలేదు, పచ్చట్లో కాకరకాయ తురుము వేశాం. చాలా ఘోరంగా ఉంది. పంచాంగ శ్రవణం విజయవాడ రూమ్మేట్ చేశాడు. మా రాశులన్నీ అయ్యాక, గొంతు సవరించుకుని, "మేసన్ జట్టుకి రాజపూజ్యం 4, అవమానం 1" అన్నాడు. అందరం కలిసి వాణ్ణి తిట్టాం.

శనివారం ఇండియానాపొలిస్‌లో ఫ్లోరిడాతో. వాడి పంచాంగమే నిజమైంది. రెండో సగం మొదట్లోనే లీ హంఫ్రీ వరసగా మూడు పాయింట్ల షాట్లు కొట్టాడు, జొయాకిమ్ నోవా బుట్ట దగ్గర గోడలా నిలబడ్డాడు. 73-58. ఆ ఫ్లోరిడానే ఛాంపియన్ అయింది కాబట్టి పెద్దగా బాధ లేదు. నాలుగు విజయాలు, ఒక ఓటమి. ఎవరూ ఏడవలేదు, చప్పట్లు కొట్టి ఎవరి పనికి వాళ్లం వెళ్లిపోయాం.

దీన్నంతా అదృష్టం అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. అదృష్టం ఒక మ్యాచ్‌కి వస్తుంది. పదిరోజుల్లో మిషిగన్ స్టేట్, నార్త్ కరోలినా, విచిటా, కనెక్టికట్ వరసగా ఓడిపోయాక కూడా అదృష్టమేనా? విచిటాని అంతకు నెల ముందే వాళ్ల ఊళ్లోనే ఓడించి వచ్చారు. కలిసి ఆడి అలవాటుపడ్డ కుర్రాళ్లు, ఒకడి ఆట ఇంకొకడికి తెలుసు. పెద్ద కాలేజీల్లో మంచి ఆటగాళ్లు ఒకటి రెండేళ్లకే ఎన్‌బీఏకి వెళ్లిపోతారు. మావాళ్లని ఎవరూ పిలవలేదు కాబట్టి మాతోనే ఉండిపోయారు. నాకు తెలిసి అసలు కారణం అదే.

ఈఎస్‌పీఎన్ పోటీలో ఆ ఏడు 30 లక్షల మంది జాతకాలు నింపితే, ఆఖరి నాలుగు జట్లనీ సరిగ్గా చెప్పినవాళ్లు నలుగురే. అందులో ఒకాయన తర్వాత ఒప్పుకున్నదేమిటంటే, ఆయన మేసన్‌ని జార్జ్ వాషింగ్టన్ అనుకుని పొరపాటున టిక్ పెట్టాడట. ఇది చదివి నేను ఒక్కణ్ణే గదిలో పది నిమిషాలు నవ్వాను.

తర్వాత సంగతులు క్లుప్తంగా: 2011లో అప్పటి మా లీగ్‌లోదే వీసీయూ అనే కాలేజీ జట్టు కూడా 11వ ర్యాంకుతోనే ఫైనల్ ఫోర్‌కి వెళ్లింది. అదే ఏడు లారనాగా మయామీ యూనివర్సిటీకి వెళ్లి, 2023లో ఆ జట్టునీ ఫైనల్ ఫోర్‌కి తీసుకెళ్లాడు. అదే 2023లో మేసన్‌కి కొత్త కోచ్ వచ్చాడు. ఎవరనుకున్నారు? టోనీ స్కిన్. గుద్దినందుకు ఒక మ్యాచ్ బయట కూర్చున్న కుర్రాడే.

ఇక ఆ టీషర్టు. క్యూలో నా వంతు వచ్చేసరికి పెద్ద సైజువే మిగిలాయి. ఆ డిసెంబర్‌లో ఇంటికి వెళ్లినప్పుడు నాన్నకి ఇచ్చాను. ఆయన పొద్దున నడకకి అదే వేసుకుని వెళ్లేవారు. ఆకుపచ్చ చొక్కా మీద పెద్ద పెద్ద పసుపు అక్షరాలు. ఒకరోజు పార్కులో ఎవరో "ఏం మాస్టారూ, పసుపు రంగు కనిపిస్తోంది, పార్టీలో చేరారా?" అన్నారట. "అబ్బే, మా వాడి కాలేజీ అండీ," అన్నారట నాన్న, "జార్జ్ వాషింగ్టన్."